రిపోర్టులో ఏమీ లేదు, నొప్పి మాత్రం పోలేదు

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 46 ఏళ్లు, మాది హన్మకొండ. ఎనిమిది నెలల కింద గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కుట్లు మంచిగనే మానాయి. కానీ మూత్రం నిండుతుంటే పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి, పోసి వస్తే కాస్త తగ్గి అరగంటకే మళ్లీ మొదలు. నాలుగుసార్లు పరీక్ష చేయించాను, ఇన్ఫెక్షన్ లేదనే వచ్చింది, అయినా ప్రతిసారీ యాంటీబయాటిక్స్ రాశారు. జమ్మికుంటలో అమ్మగారింటికి పోవాలంటే పొద్దుట్నుంచి నీళ్లు ముట్టను. ఇంట్లో వాళ్లేమో ‘అంతా నీ మనసులోనే ఉంది’ అంటున్నారు. నిజంగా అంతేనా?

జవాబు: కాదమ్మా. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించండి: మూత్ర పరీక్ష చెప్పేది క్రిములు ఉన్నాయా లేవా అన్నదే, నొప్పిని కొలిచే పరీక్ష కాదది. మూత్రంలో క్రిములు పెరుగుతాయా అని చూసే కల్చర్ పరీక్షలో కూడా ఏమీ రాకపోతే ఐదోసారి యాంటీబయాటిక్ ఎందుకో అడగండి, అడగడం తప్పు కాదు.

మూత్రాశయం గర్భసంచికి సరిగ్గా ముందే ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్ని విడదీసి కిందికి నెట్టాల్సి వస్తుంది. పై కుట్లు మానినా లోపలి నరాలు కొందరికి నెలల తరబడి చురుగ్గానే ఉంటాయి. దానికి తోడు నొప్పికి భయపడి కటి కింది కండరాలను మనకు తెలియకుండానే బిగబట్టుకుని ఉంటాం, పిడికిలి రోజంతా బిగించి ఉంచితే చేయి ఎట్లా గుంజుతుందో ఇదీ అంతే. అండాశయాలు తీసేశారు కాబట్టి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి యోని, మూత్రద్వారం దగ్గర పొడిబారడం వల్ల కూడా మంట, మాటిమాటికీ మూత్రం రావడం ఉంటాయి. దానికి పైపూతగా వాడే హార్మోన్ క్రీమ్ ఉంది, మీకు సరిపడుతుందా అని గైనకాలజిస్టును అడగండి, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పండి.

యూరాలజిస్టు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు ఒకటి బాత్రూంలో పెట్టుకుని మూడు రోజులు ఎన్ని గంటలకు వెళ్లారు, ఎన్ని మి.లీ. వచ్చింది, నొప్పి పదికి ఎంత, ఏం తాగారు, అన్నీ రాయండి. మామూలుగా పగలు ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్తాం. మీ కాగితంలో ఇరవై సార్లు, ప్రతిసారీ 80 మి.లీ. అని ఉంటే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఇంకే కారణమూ కనిపించకపోతే దీన్ని బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటారు, మందులున్నాయి, టైం పడుతుంది.

నీళ్లు మానేయడం మాత్రం ఈరోజే ఆపండి. తాగకపోతే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. ఒకేసారి చెంబెడు వద్దు, కొంచెం కొంచెం రోజంతా. చాయ్, కూల్‌డ్రింకులు, పచ్చిపులుసు, మిర్చి రెండు వారాలు ఆపి ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి చూడండి, అందరికీ అన్నీ పడకపోవాలని లేదు. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి, ముక్కితే ఆ కండరాలు ఇంకా బిగుస్తాయి.

ఫోన్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు, అంటే కటి కింది కండరాలను బిగించి వదిలేవి, చేస్తుంటే ఆపేయండి. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. మీకు కావాల్సింది వదులు చేయడం: మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట లేచేటట్టు మెల్లగా ఊపిరి పీల్చి వదలండి, పొత్తికడుపు మీద గోరువెచ్చని నీళ్ల సంచి పెట్టుకోండి. కటి కండరాల పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే చాలా మేలు.

జ్వరం, మూత్రంలో రక్తం, మూత్రం అసలు రాకపోవడం, లేదా తెలియకుండా ఎప్పుడూ కారుతూ ఉండడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఇక జమ్మికుంట. నీళ్లు తాగే బయల్దేరండి. దారిలో హుజూరాబాద్ బస్టాండ్‌లో దిగి బాత్రూంకు వెళ్లి వచ్చి ఇంకో బస్సు ఎక్కండి, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు మారినా టికెట్ ఖర్చు లేదు. అమ్మగారింటికి ఓ అరగంట ఆలస్యంగా చేరతారు, అంతే.