ఆ సూది కోసం ఆగవచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. అమ్మకు 44 ఏళ్లు, జీడిపిక్కల పనికి వెళ్తుంది. తెల్లబట్ట ఎక్కువవుతోందని చూపిస్తే హెచ్‌పీవీ అనే వైరస్ 16వ రకం ఉందన్నారు. ముక్క తీసి పరీక్షిస్తే సీఐఎన్-3 అని, అంటే గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తీవ్రమైన మార్పు అని వచ్చింది. గర్భసంచి తీసేద్దామన్నారు. ఈ వైరస్ జబ్బుకు అమెరికాలో సూదిమందు వచ్చిందట. దానికోసం ఆగవచ్చా? ఆడపిల్లలకు వేసే టీకా అమ్మకు పనిచేస్తుందా?
– ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆగొద్దమ్మా.

మీరు విన్న మందు నిజమే. 2025 ఆగస్టులో అక్కడ అనుమతి వచ్చింది. కానీ అది గొంతులో, శ్వాసనాళంలో పదేపదే మొలిచే పులిపిర్లకు. వాటిని తెచ్చేవి హెచ్‌పీవీ 6, 11 రకాలు. 35 మందికి ఇస్తే 18 మందికి ఏడాదిపాటు మళ్లీ ఆపరేషన్ అవసరం పడలేదు. అమ్మకున్న 16వ రకానికి ఆ మందు కాదు.

ఆడపిల్లల టీకా వైరస్ పైతొడుగును గుర్తుపట్టడం నేర్పుతుంది. వైరస్ కణంలోకి దూరకముందే అడ్డుకుంటుంది, దూరాక ఏమీ చేయలేదు. క్యాన్సర్ వైపు మళ్లిన కణాల్లో ఆ తొడుగు దాదాపు కనిపించదు. అక్కడ పెత్తనమంతా ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లది. కణాన్ని అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీలను అవి పనిచేయనివ్వవు. అందుకే చికిత్స టీకాలు తయారుచేసేవాళ్లు ఆ రెండింటి ఆనవాలునే మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ-కణాలకు చూపించి, చెడిన కణాలను వెతికి చంపించాలని చూస్తున్నారు.

ఈ పరిశోధన మీద నాకు చాలా ఆశ ఉంది. అమ్మలాంటి మార్పులున్న మహిళల మీద జరిగిన అలాంటి ఒక చికిత్స టీకా (డీఎన్‌ఏ టీకా) పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. టీకా తీసుకున్నవాళ్లలో 49.5 శాతం మందికి మార్పు తగ్గింది. మందులేని సూది తీసుకున్నవాళ్లలోనూ 30.6 శాతం మందికి దానంతటదే తగ్గింది. తేడా ఉంది, నిజమే. కానీ సగంమందికి తగ్గలేదు కదా! న్యూజీలాండ్‌లో సీఐఎన్-3కి సరైన వైద్యం అందని మహిళల్లో 30 ఏళ్లలో 31 శాతానికి క్యాన్సర్ వచ్చింది.

ఇప్పుడే చేయగలిగిన వైద్యం ఉంది. లీప్ అంటారు. కరెంటు తీగతో మార్పు వచ్చిన భాగం వరకే కోసి తీస్తారు. తిమ్మిరి సూది చాలు, మామూలుగా అదేరోజు ఇంటికి వెళ్లొచ్చు. చాలామందికి గర్భసంచి తీయక్కర్లేదు. విజయనగరంలో నా ప్రాక్టీసంతా నన్ను బాధపెట్టింది ఇదే: తెల్లబట్ట అనగానే నలభై నిండకుండా గర్భసంచి తీయించుకుని వచ్చేవాళ్లు. పైగా లోపల క్యాన్సర్ లేదని తేల్చుకోకుండా తీసేస్తే తర్వాతి వైద్యం చిక్కుల్లో పడుతుంది.

విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టుతోపాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (అమ్మకు తీసిన ముక్కను భద్రపరిచిన గాజు పలకలు, మైనపు దిమ్మలు) కూడా అడిగి తీసుకెళ్లండి. లీప్ అయ్యాక వాళ్లు చెప్పిన గడువుకు హెచ్‌పీవీ పరీక్ష మళ్లీ చేయించాలి, అది మానకూడదు.

ఇంకోమాట. వైరస్ అనగానే ఇంట్లో ఎవరూ అమ్మను అనుమానంగా చూడకూడదు. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎన్నేళ్ల కిందట సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. మీ నాన్నగారికి ఈ సంగతి మీరే చెప్పండి. మీకు 30 దాటితే మీరూ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే, మీరడిగిన ఆ టీకా వాళ్లకు వేయించండి.