సమాధానం: టికెట్ మీద టైమ్ లేదు, రిటర్న్ ఫ్లైట్ ఎలా?

ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి టికెట్ కొన్నా టైమ్ 'టీబీఏ' (తర్వాత చెబుతాం) అనే ఉంది, మ్యాచ్ రోజే, అంటే శనివారం రాత్రి ఫ్లైట్ తీసుకోవచ్చా అని అడిగారు కదా. వద్దండీ, ఆదివారం తీసుకోండి. టైమ్ యూనివర్సిటీ చేతిలో లేదు. టెక్సాస్ ఆడే కాలేజీ లీగ్ ఎస్‌ఈసీ మ్యాచ్‌ల ప్రసార హక్కులు 2024 నుంచి ఏబీసీ, ఈఎస్‌పీఎన్ టీవీ ఛానళ్లవే, టైమ్ తేల్చేదీ వాళ్లే. మామూలుగా 12 రోజుల ముందు చెబుతారు, ఒక్కోసారి 6 రోజుల ముందు గానీ తేలదు. డబ్బిచ్చేది వాళ్లు, ఎదురుచూసేది మనం!

కాకపోతే ఏ పూటో సీజన్‌కి ముందే చెబుతున్నారు. షెడ్యూల్‌లో 'ఎర్లీ' అని ఉంటే ఆస్టిన్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12 లోపే మొదలు. 'ఫ్లెక్స్' అయితే 2:30 నుంచి రాత్రి 7 దాకా ఎప్పుడైనా కావచ్చు. ఆట దాదాపు మూడున్నర గంటలు. మధ్యమధ్యలో టీవీలో యాడ్‌లు అయ్యేదాకా ఆటగాళ్లు మైదానంలో ఊరికే నిలబడాల్సిందే మరి. 7కి మొదలైతే బయటపడేసరికి పదిన్నర దాటుతుంది. క్యాన్సిల్ చేసుకునే వీలున్న హోటల్ మాత్రం ఇప్పుడే బుక్ చేసేయండి.