ప్రాగ్ పగలు, ప్రాగ్ రాత్రి: పాఠకుల సందేహాలు

ప్ర: జూన్‌లో మూడు రోజులు ప్రాగ్‌లో ఉంటాం. చార్ల్స్ వంతెన మీద జనం తప్ప వంతెన కనిపించదంటున్నారు. ఏ వేళకు వెళ్లాలి?

జ: తెల్లవారుజామున. జూన్‌లో అక్కడ ఐదింటికల్లా పొద్దు పొడుస్తుంది. ఐదున్నరకు పాతపట్నం వైపు బురుజు దగ్గరికి చేరితే 516 మీటర్ల వంతెనా దాదాపు మీదే. పెళ్లి ఫొటోలవాళ్లు మాత్రం మీకన్నా ముందే ఉంటారు. అక్కడి నుంచి పడమరగా, కోట వైపు నడవండి. ఎండ మీ వీపు మీద పడుతుంది, ఎదురుగా కోట వెలుగుతుంది. సాయంత్రం అదే చోట ఫొటో తీస్తే సూర్యుడు కోట వెనక్కి పోయి బొమ్మ నల్లగా వస్తుంది.

వంతెన మీద 30 విగ్రహాలుంటే వాటిలో చాలావరకు నకళ్లే. అసలు రాతి విగ్రహాలను వాన, పొగ తినేయకుండా మ్యూజియానికి తరలించారు. ఆగి చూడాల్సింది నెపొముక్ అనే క్రైస్తవ సాధువు విగ్రహం, 1683 నాటి కంచుది. కోట వైపు నడుస్తుంటే కుడిచేతి పక్క ఎనిమిదోది. పీఠానికి రెండు కంచు పలకలున్నాయి. కుడి పలకలో ఆయన్ని వంతెన మీంచి నదిలోకి తోసేస్తుంటారు. పలకంతా నల్లబడినా, జనం తాకే ఆ ఒక్క చోట మాత్రం బంగారంలా మెరుస్తుంది. ఎడమ పలకలో కుక్క కూడా అలాగే మెరుస్తుంది. దానికీ నెపొముక్ కథకూ సంబంధం లేదు, కుక్క కనిపిస్తే నిమరకుండా ఉండలేరు కాబోలు.

వంతెన దాటాక నేరుగా కోటకు పోవచ్చు. ప్రాంగణం ఆరింటికే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. లోపలి కట్టడాలకు టికెట్ కావాలి. అవి తొమ్మిదికి తెరుచుకుంటాయి. టికెట్ రెండు రోజులు చెల్లుతుంది కాబట్టి అన్నీ ఒక్క పూటలో ముగించాలని పరుగెత్తకండి. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, అందుకని సెయింట్ వైటస్ కెథెడ్రల్‌లోకి మధ్యాహ్నం దాకా సందర్శకులను వదలరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 1344లో పునాది వేసి 1929లో పూర్తిచేసిన గుడి, దాన్ని బయటి నుంచే చూసి రావడం బాధాకరం. మెట్లెక్కలేనివారు 22 నంబరు ట్రామ్‌లో పైకి వెళ్లి, కాలినడకన దిగిరావడం మేలు.

ప్ర: ఖగోళ గడియారం ముందు గంటసేపు నిలబడటం అవసరమా?

జ: అక్కర్లేదు. పాతపట్నం చౌకులోని ఈ గడియారంలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి గంటకూ బొమ్మలు కదులుతాయి. అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, మిగతా బొమ్మలు ‘అప్పుడే కాదు’ అన్నట్టు తలలు అడ్డంగా ఊపుతాయి. పైనున్న రెండు కిటికీల్లో అపోస్తలులు, అంటే యేసు శిష్యుల బొమ్మలు తొంగిచూసి వెళ్తారు, చివర కోడి కూస్తుంది. నిమిషంలో అయిపోతుంది. ‘ఇంతేనా’ అనుకుంటూ జనం కదిలిపోయాక అసలు వింత చూడండి. 1410 నాటి ఆ గడియారం ముఖానికి అన్నిటికన్నా బయట, పాతకాలపు అంకెలతో 24 దాకా ఒక వలయం ఉంది. పాత చెక్ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో ముగుస్తుంది. సూర్యాస్తమయ వేళ ఏడాది పొడవునా మారుతుంది గనక ఆ వలయమే అటూ ఇటూ జరుగుతుంటుంది. బంగారు చేయి ఆ వలయంలో చూపే అంకెను 24లోంచి తీసేస్తే, పొద్దుగూకడానికి ఇంకెన్ని గంటలుందో తెలుస్తుంది.

అందరూ తలెత్తి చూసే ఆ నిమిషం కోసమే జేబుదొంగలూ కాచుకుంటారు. పర్సు వెనక జేబులో ఉంచకండి.

ప్ర: డబ్బు ఎక్కడ మార్చుకోవాలి? యూరోలు చెల్లవా?

జ: చెక్ దేశం 2004 నుంచి ఐరోపా సమాఖ్యలో ఉన్నా అక్కడి డబ్బు కొరూనాయే. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి గానీ రేటు వాళ్లిష్టం. మారకం కొట్టు బోర్డు మీద ‘కమీషన్ సున్నా’ అని ఉన్నా సంబరపడొద్దు, కోత రేటులోనే ఉంటుంది. నోటు ఇవ్వకముందే ‘చేతికి ఎన్ని కొరూనాలొస్తాయి’ అని అడిగి అంకె రాయించుకోండి. మోసపోయారనిపిస్తే, వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. రసీదు పారేయకండి. వీధిలో ఎదురొచ్చి మంచి రేటు ఇస్తామనేవాళ్లు చెల్లని వేరే దేశపు నోట్లు చేతిలో పెడతారు.

ఏటీఎం, కార్డు యంత్రం ‘మీ దేశపు డబ్బులో లెక్కించాలా’ అని అడిగితే వద్దని చెప్పి కొరూనాయే ఎంచుకోండి. ఇంకొకటి, పాతపట్నం చౌకులో కాల్చిన హామ్ (పంది తొడ మాంసం) అమ్మేచోట బోర్డు మీద ధర 100 గ్రాములకు. మీరు ఆపకపోతే వాళ్లు కోసే ముక్క అంతకు మూడు నాలుగు రెట్లు తూగుతుంది.

ప్ర: పబ్‌లో అడగకుండానే బీరు తెచ్చిపెడతారట, నిజమేనా? బీరు పేరు పక్కన 10, 12 అంటే ఆల్కహాల్ శాతమా?

జ: నిజమే, పాతకాలపు పబ్‌లలో. బల్ల మీద చీటీ పెట్టి గ్లాసుకో గీత గీస్తారు, అదే మీ బిల్లు, పోగొట్టుకోకండి. ఇక చాలనుకుంటే గ్లాసు కింది అట్టముక్కను గ్లాసు మీద పెట్టండి, వడ్డించేవాడికి అర్థమైపోతుంది. 10, 12 ఆల్కహాల్ శాతాలు కావు. పులియబెట్టక ముందు రసంలో కరిగి ఉన్న మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చక్కెరల లెక్క అది. పది అంటే దాదాపు 4 శాతం, పన్నెండు అంటే దాదాపు 5 శాతం ఆల్కహాల్.

నురగ ఎక్కువైందని గొడవపడకండి. చల్లటి నీళ్లతో తడిపిన గ్లాసులో ముందు చిక్కటి నురగ దింపి, దాని కింద నుంచి బీరు నింపుతారు. ఆ నురగ గాలి తగలకుండా మూతలా పనిచేస్తుంది. మామూలుగా పోసేది ‘హ్లదింకా’. ‘మ్లీకో’ అంటే పాలు, గ్లాసంతా నురగే, తియ్యగా ఉంటుంది, నురగ దిగిపోకముందే గటగటా తాగేయాలి.

రాత్రి పది తర్వాత ఇళ్ల మధ్య గోల పనికిరాదు. గైడు వెంట గుంపుగా పబ్‌లు తిరిగే యాత్రలను రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 2024లో నిషేధించారు. విడిగా తిరగడానికి అడ్డు లేదు. రద్దీ నచ్చకపోతే జిజ్కోవ్ అనే పేటకు వెళ్లండి, అక్కడి పబ్‌లలో ఊళ్లోవాళ్లే ఎక్కువ.

ప్ర: అర్ధరాత్రి దాటాక హోటల్‌కు చేరేదెలా?

జ: మెట్రో అర్ధరాత్రికి ఆగిపోతుంది, శుక్ర, శనివారాల్లో ఇంకో గంట నడుస్తుంది. ఆ తర్వాత 91 నుంచి 99 దాకా రాత్రి ట్రామ్‌లు. అన్నీ లాజార్స్కా స్టాపులో కలుస్తాయి. దారి తెలియకపోతే ఏదో ఒకటెక్కి అక్కడ దిగి మారండి. కాగితం టికెట్‌ను మొదట ఎక్కగానే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించాలి, ఒక్కసారే. ముద్ర లేని టికెట్, అసలు టికెట్ లేకపోవడం రెండూ ఒకటే. మెట్రోలో గేట్లుండవు గనక అడిగేవారు లేరనుకుంటారు. తనిఖీవాళ్లు మామూలు దుస్తుల్లో ఎస్కలేటర్ దిగేచోట ఉంటారు.

ప్ర: అమ్మానాన్నలకు పబ్‌లు పడవు, మాంసం ముట్టరు. సాయంత్రం ఏం చేయాలి?

జ: ఎస్టేట్స్ థియేటర్. మోజార్ట్ ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ‘డాన్ జొవాన్నీ’ని 1787 అక్టోబరు 29న మొదటిసారి ప్రదర్శించింది అక్కడే. టికెట్ థియేటర్ కౌంటర్లో కొనండి, వీధిలో పాతకాలపు వేషాలు కట్టి అమ్మేవి వేరే కచేరీలవి. భోజనానికి మెనూలో ‘బెజ్‌మసా’ అన్న భాగం చూడండి, మాంసం లేనివని అర్థం. వేయించిన చీజ్ అయిన ‘స్మజెనీ సీర్’ ఎక్కడైనా దొరుకుతుంది. బంగాళదుంప సూప్ అంటే మాత్రం మాంసం ఉడికించిన నీళ్లు కలిపారేమో అడిగే తాగాలి.