మనశ్శాంతికి రోజూ ఏం చేయాలి? నేనైతే చీటీ రాస్తాను

మనసు తేలిగ్గా ఉండటానికి రోజూ చేయదగ్గ చిన్న అలవాట్లు చెప్పమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే. పడుకునే ముందు బుర్రలో ఉన్నదంతా కాగితం మీద రాసేయండి. ఫోన్‌లో మాత్రం వద్దు. ఫోన్ తీస్తే రాయడం మర్చిపోయి ఇంకేదో చూస్తూ కూర్చుంటాం.

రెండేళ్ల కిందట నాకు రోజూ రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేసేది. అలారం పెట్టినా అంత కచ్చితంగా లేవను! మేనేజర్ మెయిల్‌కి ఉత్త 'ఓకే' అని ఎందుకు పెట్టాడు, గ్యాస్ కట్టేశానా, పదేళ్ల కిందట స్నేహితుడి మీద ఎందుకు విసుక్కున్నాను... తెల్లారేదాకా ఇవే. ఓ రాత్రి ఒళ్లు మండి లేచి, చేతికందిన కరెంటు బిల్లు వెనకాల చీకట్లోనే అన్నీ గీకేసి పడుకున్నాను. పొద్దున లెక్కపెడితే పదకొండు. నిజంగా చేయాల్సినవి రెండే: అద్దె కట్టడం, పంటి డాక్టర్‌కి ఫోన్ చేయడం. ఒకటైతే నా రాత నాకే అర్థం కాలేదు, దేనికి అంత కంగారుపడ్డానో ఇప్పటికీ తెలీదు. బిల్లు తిప్పి చూస్తే గడువు దాటి మూడు రోజులైంది. ఆ సంగతి మాత్రం పదకొండిట్లో లేదు.

సగంలో ఆగిన పనులే మనకు ఎక్కువ గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాశారు. నా రెండున్నర గొడవంతా అదేనని నా నమ్మకం. రాసి పెడితే బుర్ర దాన్ని పట్టుకుని వేలాడదు.

అన్నట్టు, 'పాజిటివ్‌గా ఆలోచించు' అనేవాళ్లకి దణ్ణం. ఆ మాట విని ఆలోచన మార్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ధ్యానం యాప్ కూడా పెట్టుకున్నాను. 'ఈరోజు ఇంకా ప్రశాంతంగా కూర్చోలేదు' అని రోజుకు మూడుసార్లు గుర్తుచేసేది. అదో కొత్త టెన్షన్, తీసేశాను.

వారాల తరబడి దిగులుగా ఉండి ఏదీ చేయబుద్ధి కాకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి, చీటీలతో అయ్యే పని కాదు.

నాకు నిద్ర పట్టింది చీటీ వల్ల కాదు, సాయంత్రం కాఫీ మానడం వల్లే అంటుంది మా ఆవిడ. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి గట్టిగా వాదించలేను. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టాను మరి. అయినా నా ఓటు చీటీకే.