ఈనిన ఆవు లేవకపోతే గ్లూకోజ్ ఎక్కించకండి

ప్రశ్న: నాలుగో ఈత ఆవు నిన్న తెల్లవారుజామున ఈనింది. మధ్యాహ్నం తూలుతూ నడిచి, రాత్రికి కూలబడింది. తల డొక్క మీదికి తిప్పి పెట్టుకుంది. చెవులు, కాళ్లు చల్లబడ్డాయి. కండల్లో బలం అయిపోయిందని మందుల షాపాయన చెబితే నాలుగు గ్లూకోజ్ సీసాలు ఎక్కించి, టానిక్ తాగించాం. లేవలేదు. చూడితో ఉండగా నెల రోజులు కాల్షియం టానిక్ కూడా పోశాం. ఇంకేం బలం మందు వాడాలి?

జవాబు: ఏ బలం మందూ వద్దు. ఇది పాలజ్వరంలా ఉంది, అంటే రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. ముందు పశువైద్యుణ్ణి పిలవండి, మిగతాది ఆయన వచ్చేలోపు చదువుకోవచ్చు. కూలబడిన ఆవు నోట్లో ఇంకేమీ పోయకండి. అది సరిగా మింగలేదు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ ఒక్క పొరపాటుతో చచ్చిన ఆవులు చాలానే ఉన్నాయి.

మీ ఆవు తొడ నొక్కి చూడండి, మెత్తగా సడలి ఉంటుంది. శక్తి నిజంగా అయిపోతే కండ సడలదు, బిగుసుకుపోతుంది. కండలో లావు పోగులు సన్న పోగులను పట్టి లాగుతాయి. ఆ పట్టు వదలాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. చచ్చిన పశువు కొయ్యబారేది అది అయిపోయాకే. కండలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు క్షణాలకే సరిపోతుంది. తర్వాత గ్లైకోజెన్‌ను (ఒంట్లో దాచుకున్న చక్కెరను), కొవ్వును కరిగించి ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. ఆ నిల్వలు మీ ఆవుకు ఉన్నాయి. ఈ జబ్బులో రక్తంలో చక్కెర తరచూ మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. నాలుగు సీసాలు దండగ.

లేనిది కదలమనే ఆజ్ఞ. నరం చివర నుంచి కండకు కబురు అందాలంటే రక్తంలో కాల్షియం ఉండాలి. మామూలుగా 100 మి.లీ. రక్తరసంలో 8–10 మి.గ్రా. ఉంటుంది. అది 5 దరిదాపులకు పడిపోతే ఆవు కూలబడుతుంది. గుండె, పొట్ట కండలు కూడా నీరసిస్తాయి. అందుకే నెమరు ఆగి పొట్ట ఉబ్బుతుంది. పది లీటర్ల జున్నుపాలతో 20 గ్రాములకు పైగా కాల్షియం బయటికి పోతుంది. ఆవు రక్తరసం మొత్తంలో ఉండేది 3 గ్రాములే.

వైద్యం: 25 శాతం కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మి.లీ. ఒంటి వేడికి వెచ్చబరచి, గుండె వింటూ 15–20 నిమిషాలు నెమ్మదిగా రక్తనాళంలోకి ఎక్కించాలి. ఇది వైద్యుడి పని. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. కండలు వణికి, త్రేన్పు వచ్చి, మూతి చెమర్చితే పని జరుగుతున్నట్టు. కొన్ని ఆవులు మర్నాటికి మళ్లీ కూలబడతాయి, ఆ రాత్రి కనిపెట్టుకుని ఉండండి. లేచేదాకా మెత్తటి గడ్డి పరిచి, రొమ్ము మీద కూర్చోబెట్టి, ప్రతి 3–4 గంటలకు పక్క మార్చండి. బరువంతా ఒకే కాలి మీద పడితే రక్తం ఆడక ఆ కండ చచ్చిపోతుంది. తర్వాత ఎంత కాల్షియం ఇచ్చినా లేవదు.

ఇక నెల రోజులు పోసిన టానిక్ సంగతి. ఏటా ఇదే చెబుతున్నా, షాపుల్లో ఏటా అదే అమ్ముతున్నారు. ఎముకల్లో కిలోల కొద్దీ కాల్షియం ఉంది. అవసరమైనప్పుడు దాన్ని బయటికి తీయించేది పారాథైరాయిడ్ గ్రంథి. రోజూ పైనుంచి పోస్తుంటే దానికి పనుండదు. ఈనిన రోజు ఉన్నట్టుండి అవసరం మీద పడితే అది మేలుకుని ఎముకను కరిగించడానికి రెండు రోజులు పడుతుంది. ఆవు అంతసేపు నిలబడలేదు. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యం. చూడి ఆవుకు బలమని చెప్పి అమ్మినవాడు ఈనిన రాత్రి మీ కొట్టంలో కూర్చోడు కదా!

వచ్చే ఈతకు చివరి 3 వారాలు కాల్షియం టానిక్ మానేయండి, పప్పుజాతి పశుగ్రాసం తగ్గించండి. ఈనిన వెంటనే ఒకసారి, 12 గంటలకు మరోసారి కాల్షియం జెల్ నోటి ద్వారా ఇవ్వండి, అదీ ఆవు నిలబడి ఉంటేనే. మొదటి రోజు దూడకు సరిపడా పాలు మాత్రమే పితికి ఆపేయండి.

చనుమొనల కండ కూడా సడలి ఉంటుంది కాబట్టి రేపు నాలుగు చన్నుల పాలూ పొదుగువాపు కోసం పరీక్ష చేయించండి.