మాయమా, అదృశ్యమా, పారదర్శకమా?

ప్రశ్న: ఇంగ్లిషు సైన్స్ ఫిక్షన్ సినిమాల తెలుగు డబ్బింగులో కంటికి కనపడని మనిషిని ‘మాయమయ్యాడు’, ‘అంతర్థానమయ్యాడు’, ‘పారదర్శకమయ్యాడు’ అని తలోరకంగా అంటున్నారు. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ముందు అక్షరదోషం. ధాతువు ‘ధా’ కాబట్టి అంతర్ధానం అనాలి, ‘థా’ తప్పు. అయినా అది దేవతలకూ మునులకూ నప్పే మాట. ల్యాబులో మందు తాగినవాడికి అంత పెద్దపీట ఎందుకు?

మాయమంటే ఉన్నచోట లేకుండా పోవడం. బస్టాండులో పర్సు మాయమైతే అది అక్కడ లేనట్టే. సినిమాలో మనిషి గదిలోనే ఉండి కుర్చీలు జరుపుతుంటాడు. ఆ మాట కుదరదు.

అసలు చిక్కు ‘పారదర్శకం’తో. పారం అంటే అవతలి ఒడ్డు. దాన్ని చూపించేది పారదర్శకం. గాజూ అలాంటిదే, అయినా కంటికి ఆనుతుంది. కాంతిని ఒక వస్తువు ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గాలిది ఇంచుమించు 1, మామూలు గాజుది 1.5. ఆ తేడా వల్ల గాజు మీద పడిన కాంతి కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. అదే గాజును పట్టిస్తుంది. ల్యాబులో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిసరిన్‌లో ముంచండి. రెండింటి గుణకమూ 1.47 దగ్గరే, అందుకే మునిగినంత మేరా ‘కనపళ్లా’ అంటారు మన పిల్లలు. పారదర్శకం అదృశ్యమయ్యేది అప్పుడే.

ఇంగ్లిషు రచయిత హెచ్.జి. వెల్స్ 1897 నాటి నవల ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో శాస్త్రవేత్త తన ఒంటి గుణకాన్ని గాలితో సమం చేస్తాడు. లోపమల్లా కంటి దగ్గరే. కంటి లోపలి తెర రెటీనా కాంతిని పీల్చుకోకపోతే వాడికే చూపుండదు. రొయ్యల సీడును, అంటే బుల్లి రొయ్యపిల్లల్ని, గ్లాసు నీళ్లలో చూడండి, ఒళ్లు ఆనదు గానీ కళ్లు నల్లచుక్కల్లా తేలతాయి.

ఇప్పటి సినిమాల్లో కెమెరాలు పొదిగిన సూట్లు వెనక దృశ్యాన్ని ముందుకు చూపిస్తాయి. లోపలి మనిషి పారదర్శకం కాడు, మరుగున ఉంటాడు. దాన్ని ‘మరుగు తొడుగు’ అనొచ్చు. (విరాటపర్వంలో తిక్కన పాండవులది మరో దారి. అందరి కళ్లెదుటే ఉన్నా ఎవరూ పోల్చుకోలేరు. అది అజ్ఞాతం.)

మిగిలింది ‘అదృశ్యం’. ఇదే ఒప్పు, కాకపోతే ‘దేనికి?’ అన్నది చెప్పాలి. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాగి స్తంభికను మరుగుపరిచింది కంటికి ఆనని మైక్రోవేవ్ తరంగాల నుంచే. మన కంటికి అది నిక్షేపంగా కనిపిస్తుంది. ఇంకొకటి, ‘యువకుడు అదృశ్యం’ అంటే పేపర్లో తప్పిపోయినవాడి వార్త. డబ్బింగులో ‘అదృశ్యుడయ్యాడు’ అనండి, లేదా హాయిగా ‘కంటికి కనపడకుండా అయిపోయాడు’ అనండి.