స్పీడ్ గీసిన సర్రే పటం అసలుదేనా? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

పాత వస్తువుల దుకాణంలో, 17వ శతాబ్దపు ఆంగ్ల పటకర్త జాన్ స్పీడ్ గీసిన సర్రే (ఇంగ్లండ్‌లోని ఒక కౌంటీ) పటం కొన్నారు. అందులో మీరు ఉంటున్న రెడ్‌హిల్ లేదు, రోడ్లు లేవు, మోల్ నది డోర్కింగ్ దగ్గర మాయమైంది. కాబట్టి ఇది నకిలీయా, తప్పుల తడకా అని మీ అనుమానం. నిజానికి మీరు చెప్పిన ఈ మూడూ పటానికి అనుకూలమైన సాక్ష్యాలే. అదే పటం మా ఇంట్లోనూ ఉంది, దాన్ని భూతద్దంతో చూడటం నాకు ఆదివారం కాలక్షేపం.

ముందు కాగితం సంగతి. పటాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఆనాటి చేతి కాగితంలో సుమారు అంగుళానికొకటి చొప్పున గీతలు, వాటికి అడ్డంగా దగ్గరదగ్గరగా సన్నని గీతలు కనిపించాలి. కాగితపు గుజ్జును వడగట్టిన తీగల చట్రం వదిలిన గుర్తులవి. ఆ గీతలు లేని నున్నని కాగితం ఇంగ్లండ్‌లో 1750ల తర్వాతే వచ్చింది. అప్పట్లో పటాన్ని రాగి రేకు మీద చెక్కి, ఆ రేకును ప్రెస్సులో గట్టిగా నొక్కి అచ్చు వేసేవారు కనుక, అంచులు మరీ కత్తిరించి ఉండకపోతే, బొమ్మ చుట్టూ ఆ నొక్కుడు వేలికి తగులుతుంది. భూతద్దం కింద గీత గీతలాగే ఉండాలి. చుక్కలుగా విడిపోతే అది ఈ కాలపు నకలు. నడుమ మడత తప్పక ఉండాలి, ఎందుకంటే ఇది అట్లాసులోని పుట. రంగులను మాత్రం పట్టించుకోకండి, చాలా పటాలకు ఆ తర్వాతెప్పుడో అద్దారు.

ఇక అసలు విషయం. సమాచారం సేకరించిన ఏడు, రేకు చెక్కిన ఏడు, మీ చేతిలోని కాగితం అచ్చయిన ఏడు, ఈ మూడూ వేరు. స్పీడ్ అట్లాసు 1611-12లో వచ్చింది, రేకులు చెక్కింది ఆమ్‌స్టర్‌డామ్‌లో హోండియస్. కానీ స్పీడ్ కౌంటీలన్నీ తిరిగి కొలవలేదు. ఇతరుల చేలో కొడవలి పెట్టానని, అంటే ఇతరుల సర్వేలు వాడుకున్నానని, తానే ఒప్పుకున్నాడు. సర్రే వరకు ఆ చేను జాన్ నార్డెన్‌ది, ఆయన సర్వే 1590ల నాటిది. ఆ రేకులేమో చేతులు మారుతూ 18వ శతాబ్దంలోనూ అచ్చవుతూనే ఉన్నాయి. 1676 ముద్రణలో బాసెట్, చిస్‌వెల్ అనే ప్రచురణకర్తల పేర్లు ఉంటాయి. ఆ తర్వాత ఓవర్టన్ అనే మరో ప్రచురణకర్త చేతికి వచ్చాక రేకులపై రోడ్లు చెక్కించారు, వెనుక వైపు ఖాళీగా వదిలేశారు. అంటే మీ పటంలో రోడ్లు లేకపోవడం మంచి గుర్తే. వెనుక ఇంగ్లీషులో కౌంటీ వర్ణన కూడా ఉంటే ఇంకా మంచిది.

పటం మూలల్లో రెండు రాజభవనాల బొమ్మలున్నాయి కదా, రిచ్‌మండ్, నాన్‌సచ్. నాన్‌సచ్‌ను 1682 నుంచి కూల్చి, రాళ్లూ కలపా అమ్ముకున్నారు. అయినా ఆ తర్వాత వేసిన ప్రతుల్లో అది ఠీవిగా నిలబడే ఉంది! రేకు చెరిపి మళ్లీ చెక్కడం ఖర్చుతో కూడిన పని, కొనేవారికి బొమ్మ కావాలి, ఇంకెవరు చెరుపుతారు? రెడ్‌హిల్ లేకపోవడానికి కారణం ఇంకా సులువు. అది 1840ల్లో రైలు వచ్చాక పెరిగిన ఊరు. దాని పక్కనున్న రైగేట్‌ను వెతకండి, కనిపిస్తుంది. స్పెల్లింగు మాత్రం ఇప్పటిలాగే ఉండాలని పట్టుబట్టకండి.

మోల్ నది దగ్గర మీకు కనిపించిన ఖాళీలో కొండ గుర్తులుంటాయి, పక్కన నది భూమి కింద పారుతోందని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అది పూర్తిగా కట్టుకథ కాదు. డోర్కింగ్, లెదర్‌హెడ్ మధ్య నది సుద్దరాయి నేల మీదుగా పోతుంది, అడుగున నీటిని మింగే బిలాలున్నాయి. కరువు ఏళ్లలో నది అడుగు ఎండిపోయి, నీరు లెదర్‌హెడ్ వైపు మళ్లీ పైకి వస్తుంది. నేను అక్కడి బాక్స్ హిల్ అనే కొండ కింద నడిచినప్పుడల్లా మాత్రం నది పైనే నిక్షేపంగా పారుతోంది. అరుదుగా జరిగేదాన్ని పటం శాశ్వతం చేసింది, అంతే.

కొలతల్లో కచ్చితత్వం తేలాలంటే చర్చిలను పట్టుకోండి. పాత ఊళ్లలో చాలావరకు అవే చోట్ల ఉన్నాయి. గిల్‌ఫర్డ్ నుంచి ఫార్నమ్‌కు సూటిగా ఇప్పటి లెక్కన 10 మైళ్లు, డోర్కింగ్‌కు అంతకన్నా కాస్త ఎక్కువ. పటం మీద ఇలాంటి జంటలు కొన్నింటిని మిల్లీమీటర్లలో కొలిచి, అసలు దూరంతో భాగించండి. నిష్పత్తి అన్నిచోట్లా దాదాపు ఒకటే అయితే నార్డెన్ పనితనం బాగున్నట్టే. పటంలోని స్కేలుతో కొలిస్తే మైళ్లు తక్కువ వచ్చాయని కంగారు పడకండి. ఆనాడు వాడుకలో ఉన్న మైలు ఇప్పటి 1,760 గజాల మైలు కన్నా పొడుగు. 1695లో మోర్డెన్ అనే మరో పటకర్త తన కౌంటీ పటాల్లో ఏకంగా మూడు రకాల మైళ్ల స్కేళ్లు వేశాడు. ఏ ఒక్క ఊరి నిష్పత్తో పక్కకు పోతే ఆ ఊరే తప్పు చోట ఉన్నట్టు. తడి కాగితం మీద అచ్చు వేస్తే ఆరాక కుంచించుకుపోతుంది, మడత దగ్గర కొంత మింగుతుంది కాబట్టి, మడతకు రెండు వైపులా విడివిడిగా కొలవడం మేలు. ఓపిక ఉంటే మ్యాప్‌అనలిస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్కంతా చేసి, పటం ఎక్కడ వంగిందో వలలా గీసి చూపిస్తుంది.

ఊరి దారి మలుపు కూడా సరిగా ఉండాలనుకుంటే స్పీడ్‌ను వదిలి ఒకటిన్నర శతాబ్దం ముందుకు రావాలి. మైలుకు అంగుళం చొప్పున కొత్తగా సర్వే చేసిన కౌంటీ పటాలకు 1759లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 100 పౌండ్ల బహుమతి ప్రకటించాకే ఆ పని ఊపందుకుంది. ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే తొలి పటం కెంట్ కౌంటీది, 1801లో వచ్చింది.

దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి. ఆమ్లం లేని అట్ట మీద ఫ్రేము కట్టించి, ఎండ తగలని గోడకు పెట్టండి. ఫ్రేములో బిగించే ముందు వెనుక వైపు ఫోటో, కింద ప్రచురణకర్త పేరున్న చోటి ఫోటో తీసి ఇక్కడ పెడితే, ఏ ముద్రణో చెప్పడానికి ప్రయత్నిస్తాను.